రెండు ముడుల గంప

నాకు కోపం ఎక్కువ. మార్కాపురంలో మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. "ఫిర్దౌస్ మేడమా? పలకలు పగలగొడుతుందే, ఆమేనా?" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మార్చి నెలలో పది రోజుల్లో ఏడు పలకలు పగలగొట్టాను.

మా అబ్బా పేరు అబ్దుల్ రెహమాన్. ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాడు. నేను గిద్దలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. పీహెచ్‌డీ చేస్తున్నదీ లెక్కల్లోనే. కాగితం మీద రాసిన తప్పు నన్నే చూస్తున్నట్టుంటుంది, నాకు సహించదు. పలకైతే అరచేత్తో తుడిచేస్తే పోతుంది. అందుకని అబ్బా నా కోసం మూడడుగుల పొడుగు పలకలు కోసి, మేకుతో రెండు గీతలు గీసి ఇచ్చాడు. పై గీత మీద ఒక వరస, కింది గీత మీద దాని జత.

జత అంటే ఏమిటో చెప్పకపోతే ఈ కథ నడవదు. డీఎన్ఏ అంటే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి మాట అనుకోండి: ఏ, టీ, జీ, సీ. ఏకి టీ జోడీ, జీకి సీ జోడీ. ఒక పోగులో ఏ ఉన్నచోట ఎదురు పోగులో టీ ఉంటుంది. అయితే ఎదురు పోగును అవతలి కొస నుంచి చదవాలి. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివినట్టు. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి రెండూ చదివినవాళ్లం. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు, ఇది నా కోసమే పెట్టిన సబ్జెక్టు అనిపించింది. జీవశాస్త్రం నాకు బొత్తిగా రాదు. ఆ మాటల అమరికలో ఉన్న లెక్క వరకే నా పని.

ఏ-టీ అనే మాటను వెనక నుంచి చదువుతూ జోడీ అక్షరాలు వేస్తే మళ్లీ ఏ-టీయే వస్తుంది. అంటే అది తనకు తానే జత. ఇప్పుడు ఏదైనా మాటను కొసలు కలిపి గాజులా గుండ్రంగా చుట్టండి. దానికి మొదలూ చివరా ఉండవు, ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు. నా సిద్ధాంతం ఇది: ఒక గుండ్రటి మాటా దాని జతా ఒకటే అయితే, ఆ గాజును ఎక్కడో రెండు చోట్ల విరిస్తే వచ్చే రెండు ముక్కలూ తమకు తామే జతలై తీరాలి. మూడు పేజీల రుజువు రాశాను. దాని మీద మిగతా నాలుగు అధ్యాయాలు కట్టాను.

ఏడేళ్లు పట్టింది. రెండుసార్లు గడువు పొడిగించుకున్నాను. ఇక పొడిగింపు లేదు. ఆ గురువారం జరిగే సెమినార్‌లో కమిటీ ఒప్పుకుంటే థీసిస్ ఇవ్వచ్చు. ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఏడేళ్లూ గంగపాలు.

సెమినార్‌కు సరిగ్గా పదమూడు రోజుల ముందు, ఉదాహరణల పట్టిక రాసుకుంటుంటే ఏ-జీ-టీ-సీ తగిలింది. నాలుగక్షరాల ముక్క. చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కదానికీ జోడీ వేసుకుంటూ పోతే కింది గీత మీద టీ-సీ-ఏ-జీ వచ్చింది. గుండ్రంగా చుట్టి ఏ నుంచి చదివితే మళ్లీ ఏ-జీ-టీ-సీ. అంటే మాటా జతా ఒకటే. కానీ ఎక్కడ విరిచినా ఒక్క ముక్క కూడా తనకు తాను జత కాదు. ఒకటి కుదరలేదంటే సిద్ధాంతమే కూలిపోయినట్టు.

మళ్లీ చేశాను. నలభైసార్లు చేశాను. ఏ కింద టీ, జీ కింద సీ, అక్షరం అక్షరం సరిపోయింది. కంప్యూటర్‌కు కూడా ఇచ్చాను. నేను చేసే పద్ధతే దానికీ నేర్పాను కాబట్టి అదీ నా మాటే చెప్పింది. మూడు పేజీల రుజువులో చిల్లు ఎక్కడుందో వెతికి వెతికి తల ప్రాణం తోకకొచ్చింది. మా గైడ్ పద్మావతి మేడమ్‌కు ఫోన్ చేద్దామని మూడుసార్లు తీశాను. "మేడమ్, నా సిద్ధాంతం తప్పు" అని చెప్పడానికి నోరు రాలేదు. పలకలు పగలగొట్టాను. అబ్బా ఏమీ అనలేదు. పొద్దున్నే లేచి పెంకులు ఊడ్చి, కొత్త పలక బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. ఆయన ఏమన్నా అని ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

సోమవారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక గిద్దలూరు స్టేషన్‌లో కూర్చున్నాను. మార్కాపురం వెళ్లే పాసింజరు గంటన్నర లేటు. ప్లాట్‌ఫారం చివర బయ్యమ్మ గంప అల్లుతోంది. ఆమెది దిగువమెట్ట దగ్గర, నల్లమలలో చిన్న గూడెం. అడవిలో వెదురు కొట్టుకుని, చీల్చి, పొద్దుటి బండికి గిద్దలూరు తెచ్చి, ఇక్కడే కూర్చుని అల్లి ఇక్కడే అమ్ముతుంది. నాలుగేళ్లుగా రోజూ చూసుకునే మొహాలం.

"ఏంది పాపా, ఇంకా పలక మీదనే దిద్దుతుండావా? ఈ వయసులో బడికి పోయినా ఇంతకుముందే అయిపోయుండేది" అంది.

మామూలు రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు ఒళ్లు మండింది. "నీ గంప నువ్వు అల్లుకో పెద్దమ్మా" అన్నాను.

ఆమె పట్టించుకోలేదు. అడ్డ బద్ద ఒకటి దూర్చి, వేలితో నొక్కి, గంపను నా వైపు తిప్పింది. అప్పుడు చూశాను. నిలువు బద్దల్లో ఒకటి లావు, ఒకటి సన్నం, అలా చుట్టూ ఉన్నాయి. రెండు చోట్ల ఎర్ర దారంతో ముడులు వేసి ఉన్నాయి.

"ఈ దారాలెందుకు?"

"ఇది రెండు మొగాల గంప పాపా. బయట నుంచి చూసినా లోపల నుంచి చూసినా అల్లిక ఒకటే మాదిరి ఉంటాది. మా గూడెంలో తేనె తెచ్చే గంప ఇట్లే అల్లాల. ఈ ముడి కాడి నుంచి ఆ ముడి దాకా ఒక తుంట. ఆ తుంట లోపలా బయటా ఒకటే రావాల. మిగిలిన తుంట కూడా అట్లే రావాల. అట్ల వస్తేనే గంపంతా కుదురుతాది. ముడులు లేకుండా అల్లితే నాకు ఎప్పుడూ రాలే." గొంతు తగ్గించింది. "అమ్మేటప్పుడు విప్పేస్తాలే. ముడులు చూస్తే చేతకానిదనుకుంటారు. మా జేజికి, అదే మా అవ్వకు, ముడులు అక్కరలేదు. ఊరికే అల్లేది, లోపలా బయటా అద్దం మాదిరి వచ్చేది. ఆమె గంప ఇప్పటికీ మా ఇంట్లో ఉండాది. నేను నలభై ఏండ్ల నుంచి చూస్తుండా. ఆ చెయ్యి నాకు రాలే."

నా చేతిలో పలక జారి ఒళ్లో పడింది. పగల్లేదు.

అడ్డ బద్ద నిలువు బద్దకు ముందు నుంచి పోతుంది, లేదా వెనక నుంచి పోతుంది. బయట ముందు నుంచి పోయింది లోపల చూస్తే వెనక. ఏ, టీ అంటే అదే కదా. లావు బద్దకు ముందు పోతే ఏ, వెనక పోతే టీ. సన్న బద్దకు ముందు పోతే జీ, వెనక పోతే సీ. గంప చుట్టూ తిరిగే ఒక్కో వరస ఒక్కో గుండ్రటి మాట. లోపలి నుంచి చూస్తే కనబడేది దాని జత. బయ్యమ్మ రెండు ముడులు నా సిద్ధాంతం. ఆమె చేతులు రోజూ అదే చేస్తున్నాయి, నేనేమో ఏ-జీ-టీ-సీ పట్టుకుని ఏడుస్తున్నాను.

"పెద్దమ్మా, నా కోసం ఒక వరస అల్లుతావా? లావుదానికి ముందు, సన్నదానికి ముందు, లావుదానికి వెనక, సన్నదానికి వెనక. చుట్టూ అట్లనే."

చిటికెలో అల్లేసింది. "ఇది రెండు మొగాలది కాదు పాపా" అంది చూడకుండానే.

"అవుతుంది! చూడు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. బయట వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి చదివాను. తర్వాత గంపలోకి చెయ్యి పెట్టి లోపల చదివాను. "ముందు, ముందు, వెనక, వెనక. ఒకటే కదా!"

బయ్యమ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది.

"నీ వేలు యాడికి పోతుండాది? బయట ఎడమ నుంచి కుడికి పోతివి. లోపల కుడి నుంచి ఎడమకు పోతివి. చెయ్యి లోపల పెట్టి బయట దారే పట్టుకుంటివి. గంపలో కూసున్న మనిషికి ఎట్ల కనపడతాదో అట్ల చూడు."

గంప ఎత్తి నా తల మీద బోర్లించింది. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నారు. నాకు పట్టలేదు. వెదురు సందుల్లోంచి ఎండ పడుతుంటే, గంప తలకిందులైంది కాబట్టి గంపలో కూర్చున్న మనిషి ఎడమ ఇప్పుడు నా కుడి అని గుర్తు పెట్టుకుని, కుడి చేతి వైపు నుంచి మొదలుపెట్టి చదివాను. లావుదానికి ముందు... తర్వాత సన్నదానికి వెనక. బయటైతే లావుదానికి ముందు పోయిన వెంటనే సన్నదానికి కూడా ముందే పోయింది. ఒకటి కాదు. రెండూ ఒకటి కానే కాదు!

పది రోజులుగా నేను చేసిన పని అప్పుడు తెలిసింది. మాటను చివరి నుంచి చదువుతూ జోడీలు వేశాను. అక్కడే దిక్కు ఒకసారి తిరిగిపోయింది. వాటిని పలక మీద ఎడమ నుంచి రాసుంటే సరిపోయేది. కానీ నా చెయ్యి ఉర్దూ రాసే చెయ్యి. కుడి అంచున మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోయింది. అక్కడ ఇంకోసారి తిరిగింది. రెండుసార్లు తిరిగితే తిరగనట్టే. ఏ కింద టీ ముచ్చటగా కుదురుకునే సరికి అనుమానం కూడా రాలేదు. నేను చదివింది జత కాదు, ఏ-జీ-టీ-సీకి అసలు జత జీ-ఏ-సీ-టీ. అది వేరే గాజు.

గంప కిందే కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

"ఏందే, ఊపిరాడలేదా?" అని బయ్యమ్మ గాబరాగా గంప తీసింది.

"పెద్దమ్మా, నువ్వు అల్లిన ఈ గంప నాకివ్వు. ముడులు విప్పద్దు."

"ముడులతోనా? పెద్ద చదువులోళ్ల ముందర నా మానం తీస్తావా?"

"నా మానం నిలబడేదే ఆ ముడులతో. ఇంకొకటి చెప్తాను, కోపం చేసుకోవద్దు. మీ జేజి గంపలో కూడా రెండు చోట్లు ఉండి తీరాల. ముడి వేసినా వేయకపోయినా."

ఆమె మొహం మారిపోయింది. "మా జేజిని అబద్ధాలకోరంటావా? గంప తెస్తా. నువ్వే చూడు. లేకుంటే ఏం చేస్తావు?"

"లేకుంటే నా చదువు మానేస్తాను" అన్నాను. కోపం మనిషిని కదా, మాట అలా వచ్చేసింది.

ఇంటికి వెళ్తూనే "అబ్బా, పలక!" అని అరిచాను.

"పగలగొట్టేదానికా బేటీ, రాసేదానికా?" అన్నాడు అబ్బా వరండాలోంచి.

"రాసేదానికి!"

రెండు తెచ్చాడు. ఎందుకైనా మంచిదని కాబోలు. ఒక్కటే సరిపోయింది. గంప ముందు పెట్టుకుని రాస్తుంటే మూడు పేజీల రుజువు నాలుగు వాక్యాలకు దిగింది. ఇంత తేలిక దాన్ని మూడు పేజీలు లాగానా అని సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది.

గురువారం గంప చంకన పెట్టుకుని యూనివర్సిటీ సెమినార్ హాల్లోకి వెళ్లాను. కమిటీ పెద్ద గురుస్వామి గారు. ఆయన ఎదుట ఎంతటివాళ్లకైనా గొంతు తడారిపోతుందని పేరు. "ఏంటమ్మా, క్యారియర్ తెచ్చుకున్నారా?" అన్నారు. హాలంతా నవ్వింది. పద్మావతి మేడమ్ తల దించుకుంది. ఆమెకు నేను ఇంకా ఏమీ చెప్పలేదు.

"నా మొదటి అధ్యాయం తెచ్చాను సార్" అన్నాను.

ముందు నా తప్పు చెప్పాను. ఏ-జీ-టీ-సీని బోర్డు మీద రాసి, పది రోజులు దాన్ని ఎలా చదివానో, నా చెయ్యి ఎటు నుంచి ఎటు పోయిందో రాసి చూపించాను. "ఈ తప్పు చేయాలంటే మా ఇంట్లో పుట్టాలి సార్. ఒక చేత్తో తెలుగు, ఒక చేత్తో ఉర్దూ రాసినవాళ్లకే సాధ్యం" అన్నాను. మళ్లీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు నేను తెప్పించింది.

తర్వాత గంపను గురుస్వామి గారి బల్ల మీద పెట్టాను. "ఈ ముడుల గంప లోపలా బయటా ఒకటే. పై వరస ఒక్కటే వదిలేయండి, అది నేను అడిగి అల్లించుకున్న తప్పుడు వరస. బయట ఒక ముడి దగ్గరా, లోపల ఇంకో ముడి దగ్గరా మొదలుపెట్టి చదివితే ఒకే మాట వస్తుంది. ఆ రెండు ముడులూ గంపను రెండు ముక్కలు చేస్తాయి. మొదటి ముక్క, రెండో ముక్క. బయట రెండో ముడి నుంచి చదివితే రెండో ముక్క వస్తుంది, ఆ వెనక మొదటి ముక్క. లోపల మొదటి ముడి నుంచి చదివితే దారి తిరిగిపోతుంది కాబట్టి రెండో ముక్క జత వస్తుంది, ఆ వెనక మొదటి ముక్క జత. రెండు చదువులూ ఒకటే, ముక్కల పొడవులూ ఒకటే. కాబట్టి రెండో ముక్క దాని జతే, మొదటి ముక్క దాని జతే. అయిపోయింది సార్."

గురుస్వామి గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి గంపలోకి తల పెట్టారు. వేలితో లెక్కపెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ ఒక చుట్టు చదివారు. తల బయటికి తీసి బయట ఒక చుట్టు చదివారు. మళ్లీ లోపలికి పెట్టారు. తల గంపలో ఉండగానే అడిగారు.

"మరి పోయినసారి ఇచ్చిన మూడు పేజీల రుజువు?"

"తుడిచేశాను సార్."

ఆయన తల తీశారు. జుట్టులో వెదురు పొట్టు ఉంది. "నలభై ఏళ్లలో నేను విన్న రుజువుల్లో చేత్తో పట్టుకోదగ్గది ఇదొక్కటే" అని, పద్మావతి మేడమ్ ముందున్న ఆమోదపత్రం లాక్కుని సంతకం పెట్టేశారు. మిగతావాళ్లూ పెట్టారు. మేడమ్ లేచి వచ్చి అందరి ముందూ నన్ను కావలించుకుంది. ఏడేళ్లు ఒక్కసారిగా భుజాల మీద నుంచి దిగిపోయాయి. కారిడార్లోంచే అబ్బాకు ఫోన్ చేశాను. "పాస్ అబ్బా" అన్నాను. "ఇంక పలకలు మిగులుతాయి" అన్నాడు.

శనివారం గిద్దలూరు స్టేషన్లో బయ్యమ్మ నా కోసం కాచుకుని ఉంది. పక్కనే పాత చీర చుట్టిన గంప. నల్లబడి, తేనె జిడ్డుతో మెరుస్తోంది.

"నీ సంగతి తరవాత. ముందు ఇది చూడు. ఇదే మా జేజిది. యాడుండాయి నీ రెండు చోట్లు?"

రుజువు రాసినా, సంతకాలు పడినా, ఆ నల్ల గంప ముందు నాకు మళ్లీ పరీక్షే. బలపం తీసుకుని కూర్చున్నాను. ఇరవై నాలుగు నిలువు బద్దలు. బయట ఒక చుట్టు చదివి పలక మీద పై గీతకు రాశాను. లోపల, నా ఎడమ చేతి నుంచి, ఒక చుట్టు చదివి కింది గీతకు రాశాను. ఈసారి ఎడమ నుంచే రాశాను. రెండూ ఎక్కడ కలుస్తున్నాయో చూసి, గంప మీద ఒకచోట బలపంతో గీత పెట్టాను. పది బద్దలు దాటి ఇంకోచోట గీత పెట్టాను.

"ఇదిగో ఒక చోటు. ఇదిగో ఇంకోటి. చదివి చూసుకో."

బయ్యమ్మకు చదువు రాదు. వేలితో తడిమింది. మొదటి గీత నుంచి రెండో గీత దాకా బయట, తర్వాత లోపల. మళ్లీ మిగతా తుంట. చాలాసేపు తడిమింది. వేలు మొదటి గీత దగ్గర ఆగింది. అడ్డ బద్దను గోరుతో కొంచెం పైకి లేపింది. దాని కింద, జిడ్డులో అంటుకుపోయి, రెండు పోగుల ఎర్ర దారం ఉంది.

రెండో గీత దగ్గరా లేపింది. అక్కడా ఉంది.

ఆమె నోరు తెరుచుకుంది. "ముడులేసింది! ముడులేసి, అల్లినాక కోసేసింది! దొంగ ముసల్ది!" అని నేల మీద చేత్తో చరిచింది. ఆ నవ్వు ఆగలేదు. కళ్లెంబడి నీళ్లు కారుతున్నా ఆగలేదు. టీ అమ్మేవాళ్లు ఆగి చూశారు. నేను కూడా నవ్వు పట్టలేకపోయాను.

కాసేపటికి తేరుకుని నన్ను చూసింది. "అయితే ముడులు లేకుండా ఎవురికీ రాదా?"

"ఎవ్వరికీ రాదు పెద్దమ్మా. ఎంత గొప్ప చెయ్యయినా సరే, ఆ రెండు చోట్లు ఉండాల్సిందే. నాలుగు వాక్యాల్లో రాశాను. పెద్దవాళ్లు సంతకాలు పెట్టారు."

"నలభై ఏండ్లు..." అంది. "నలభై ఏండ్లు నా చెయ్యి మంచిది కాదనుకుంటి గదే పాపా."

తన ఒళ్లో ఉన్న కొత్త గంప అందుకుంది. అమ్మకానికి తయారైన గంప. ముడులు కోసేయడానికి కత్తి అప్పటికే పక్కన పెట్టుకుని ఉంది. ఆ కత్తిని సంచిలో వేసేసి, రెండు ముడులనూ ఇంకా గట్టిగా బిగించి, కొసలు బయటికి కనబడేలా వదిలి, గంపను అందరికీ కనపడేటట్టు ముందుకు జరిపి పెట్టింది.